సర్ఫ్‌బోర్డుకి లీటర్లు చూడాలి
ఎడిటర్ గారూ, సర్ఫింగ్ గురించి రాసినప్పుడల్లా బోర్డు పొడవు ఒక్కటే ఇస్తున్నారు, దయచేసి వాల్యూమ్ కూడా రాయండి, అంటే బోర్డు ఎన్ని లీటర్లు అని, మనల్ని నీళ్ల మీద తేల్చేది అదేగా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒంటి బరువు ఎన్ని కిలోలో దాదాపు అన్ని లీటర్లు కావాలి, 70 కిలోల మనిషికి 70 లీటర్లన్నమాట, కాస్త ఎక్కువైనా పర్లేదు. అదే బరువున్న ప్రొఫెషనల్‌కి 26 లీటర్లు చాలు, వాళ్ల ప్యాడ్లింగ్ (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తూ ముందుకెళ్లడం) లెవెలే వేరు. ఆ సన్న బోర్డు చూసి మోజుపడి కొంటే అలలు అందవు, నిలబడే ఛాన్సే రాదు. లీటర్లు ఒకటే అయినా వెడల్పుగా ఉన్నది కొంచెం స్టెడీగా ఉంటుంది. వయసు పెరిగినా, ప్రాక్టీస్ తప్పినా నాలుగు లీటర్లు పెంచుకోవాలి, ఇందులో నామోషీ ఏంటో నాకైతే అర్థం కాదు.
- ఓ పాఠకుడు