రష్యా నదీయాత్రలో మీరు కట్టని టికెట్ల గురించి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. ఈ జూన్‌లో మీ సంస్థ ద్వారా మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు నదీయాత్ర చేసిన 14 మందిలో మా నాన్నగారూ నేనూ ఉన్నాం. మనిషికి రూ. 2,65,000 చొప్పున కట్టాం. తిరిగొచ్చాక మీ కస్టమర్ కేర్‌కు రెండుసార్లు మెయిల్ పెట్టాను. స్థానిక పరిస్థితుల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, తర్వాతి టూర్‌లో 5 శాతం తగ్గిస్తామనీ జవాబిచ్చారు. జరిగినదానికి స్థానిక పరిస్థితులు కారణం కాదు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

ముందు నాన్నగారి గురించి చెప్పాలి. లేకపోతే మేం ఏం పోగొట్టుకున్నామో మీకు అర్థం కాదు. ఆయనకు 74 ఏళ్లు. నంద్యాల జిల్లా ఆత్మకూరులో సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అఫనాసీ నికితిన్ గురించి క్లాసులో చెప్పకుండా ఆయన ఏ ఏడాదీ వదల్లేదు. వోల్గా ఒడ్డునున్న ట్వేర్ నుంచి బయల్దేరి, 1470 ప్రాంతంలో మన దక్కనుకు వచ్చి, బీదర్‌లో ఉన్న రష్యన్ వర్తకుడు నికితిన్. ఆయన రాసుకున్న వాటిలో 'పర్వత్' అనే పెద్ద క్షేత్రం, అక్కడి తిరునాళ్ల ముచ్చట ఉంది. అది మన శ్రీశైలమేనని చరిత్రకారులు చెబుతారు. "మన మల్లన్న కొండకు అంత దూరం నుంచి వచ్చాడమ్మా ఆ మనిషి. ఆయన బయల్దేరిన నదిని నేనొక్కసారి చూడాలి" అని నాన్న ఎన్నేళ్లుగా అంటున్నారో నాకే గుర్తులేదు.

మీ బ్రోచర్ ఇంటికొచ్చిన రోజు ఎర్ర పెన్ను తీసుకుని ఊళ్ల పేర్ల కింద గీతలు గీశారు. ఉగ్లిచ్, యారోస్లావ్ల్, గోరిత్సీ, కిజీ. పాత చెక్క చర్చి ఉన్న ద్వీపం కిజీ. దాని కింద రెండు గీతలున్నాయి. ఆ పేజీ జిరాక్స్ ఈ లేఖకు జత చేశాను. "అన్ని ప్రవేశ టికెట్లు, ఇంగ్లిష్ గైడ్, యాత్ర పొడవునా మా టూర్ మేనేజర్" అన్న మాటలు కూడా అదే పేజీలో ఉన్నాయి, చూడండి.

మాస్కో ఉత్తర నదీ స్టేషన్‌లో ఓడ ఎక్కించి, కాగితాలు మా చేతిలో పెట్టి మీ టూర్ మేనేజర్ వెళ్లిపోయారు. ఓడలో ఇంగ్లిష్ గైడ్ లేరు. అనౌన్స్‌మెంట్లన్నీ రష్యన్‌లోనే. మర్నాడు మైకులో ఏదో చెప్పగానే జనమంతా డెక్ మీదికి పరుగెత్తారు. మాకేం అర్థం కాక భోజనాల గదిలోనే కూర్చున్నాం. ఒక పెద్దావిడ వెనక్కి వచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. చూస్తే, నీళ్ల మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది కల్యాజిన్ గంటగోపురం. ఉగ్లిచ్ ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోగా మిగిలింది అదొక్కటే. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లను చూసినవాళ్లం మేము. నాన్న రెయిలింగ్ పట్టుకుని, గోపురం కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. నికితిన్ ఆ కల్యాజిన్‌లో ఉన్న మఠంలోనే దీవెనలు తీసుకుని ఉగ్లిచ్ వైపు సాగాడు. ఆ పెద్దావిడ రాకపోతే నాన్నకు అదీ దక్కేది కాదు.

ఉగ్లిచ్‌లో దిగాక తెలిసింది, మా టికెట్లు కట్టలేదని. పొరపాటు జరిగి ఉంటుందిలే అనుకుని మా దగ్గరున్న రూబుల్స్‌తో కొనుక్కున్నాం. 1591లో చిన్న యువరాజు ద్మిత్రి చనిపోయిన చోట కట్టిన ఎర్రగోడల చర్చి అది. ఆ రోజు మోగి జనాన్ని లేపినందుకు ఊళ్లోని చర్చి గంటకే శిక్ష వేసి, నాలుక పీకి సైబీరియాకు పంపారు. అది తిరిగొచ్చింది 1892లో. గైడ్ లేరు కాబట్టి ఆ కథంతా నాన్నే మాకు చెప్పారు. యారోస్లావ్ల్‌లో ఇల్యా ప్రవక్త చర్చి కుడ్యచిత్రాలు చూడటానికీ సొంత డబ్బే పెట్టుకున్నాం. గోరిత్సీలో అందరూ బస్సులెక్కి 1397 నాటి కిరిల్లో-బెలొజెర్‌స్కీ మఠానికి వెళ్లారు. మాకు బస్సు లేదు. రేవు పక్కనున్న ఆశ్రమం చుట్టూ తిరిగి వచ్చేశాం.

ఇక కిజీ.

ఒనెగా సరస్సు పెద్దది. గాలి లేస్తే ఓడలు ఆ ద్వీపానికి వెళ్లకుండానే సాగిపోతాయని మాకూ తెలుసు. అలా జరిగి ఉంటే ఈ లేఖ రాసేదాన్ని కాదు. కానీ ఆ రోజు నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఓడ ఆగింది. మిగతా ప్రయాణికులందరూ దిగి లోపలికి వెళ్లారు. గేటు దగ్గర ఆపింది మా 14 మందినే. ఓడ అడ్మినిస్ట్రేటర్ తన లిస్టు చూపించి, ఫోన్‌లో అనువాదం చేసి మరీ చెప్పింది: మీ సంస్థ మా పేర్ల మీద కట్టింది ఓడ చార్జీ మాత్రమే, ఊళ్లలో చూపించేవాటికి ఒక్క రూబుల్ కూడా కట్టలేదు. ఆ లిస్టు ఫొటో కూడా పంపుతున్నాను.

టికెట్ కౌంటర్లో మా కార్డులు పనిచేయలేదు. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. రష్యా టూర్లు అమ్మే మీకు ఇది తెలియదంటే నేను నమ్మను. రూబుల్స్ ఎంత తీసుకెళ్లమంటారని బయల్దేరే ముందు వాట్సాప్‌లో అడిగాను. "అవసరం లేదు మేడమ్, అంతా ఇన్‌క్లూడెడ్. షాపింగ్‌కు కార్డు చాలు" అని మీ ఆఫీసు నుంచే జవాబు వచ్చింది. స్క్రీన్‌షాట్ జత చేశాను. మీకు ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. ఆ టెన్షన్‌లో అందరి పర్సులూ ఖాళీ చేసి చిల్లరతో సహా లెక్కపెడితే ఐదు టికెట్లకు సరిపోయాయి. వయసులో పెద్దవాళ్లను ఐదుగురిని పంపించాం. నాన్న వెళ్లనన్నారు. "నువ్వు వెళ్లమ్మా, నాకెందుకు" అని గేటు దగ్గరే కూర్చోబోయారు. బలవంతంగా పంపించాను.

మేం తొమ్మిది మందిమి ఇవతలే ఉండిపోయాం. 1714లో కట్టిన ఆ చెక్క చర్చికి 22 గుమ్మటాలు. ఆస్పెన్ కర్రతో చేసిన చిన్న చిన్న పెంకులు ఎండకు వెండిలా మెరుస్తున్నాయి. మేకుల అవసరం లేకుండా దుంగలను ఒకదానిలో ఒకటి బిగించి గోడలు లేపారట. దశాబ్దాలు మరమ్మతులు చేసి, మళ్లీ అంత అందంగా నిలబెట్టారు. అంత దూరం వెళ్లి నేను దాన్ని కంచె ఇవతలి నుంచి చూశాను.

నాన్న తిరిగొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. కేబిన్‌కు వెళ్లాక చొక్కా జేబులోంచి ఒక చెక్క పేడు తీసి నా చేతిలో పెట్టారు. లోపల ఒకతను గొడ్డలితో పెంకులు చెక్కి చూపిస్తుంటే కింద పడినదట. వేలెడంత ఉంది, ఇంకా పచ్చి వాసన వేస్తోంది. "నేనొక్కణ్నే చూశానమ్మా" అన్నారు. ఆ మాట అనాల్సిన అవసరం ఆయనకు రాకూడదు. ఆయన్ను తీసుకెళ్లడానికి నేను రెండేళ్లు డబ్బు కూడబెట్టాను.

ఓడ సిబ్బంది మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మేం మాంసం తినం అని సైగలతో చెబితే, వంటాయన రోజూ మాకోసం వేరుగా బంగాళాదుంపలు, బ్లినీలనే పల్చటి రష్యన్ అట్లు చేసి పెట్టాడు. కేబిన్ చిన్నదే, దానికీ ఇబ్బంది లేదు. తప్పంతా మా దగ్గర తీసుకుని అక్కడ కట్టని డబ్బులో ఉంది.

కాబట్టి మేం అడుగుతున్నది ఇది. ఉగ్లిచ్, యారోస్లావ్ల్, గోరిత్సీ, కిజీలలో చూపించాల్సిన వాటికీ, గైడ్‌కూ, టూర్ మేనేజర్‌కూ మా దగ్గర ఎంత వసూలు చేశారో లెక్క చూపించి, ఆ మొత్తం 14 మందికీ తిరిగి ఇవ్వాలి. మేం సొంతంగా కొన్న టికెట్ల డబ్బు దానికి అదనం. రసీదులు మా దగ్గరున్నాయి. టికెట్లు ఎందుకు కట్టలేదో మీ సంతకంతో రాసి పంపాలి. వచ్చే సీజన్ బ్రోచర్‌లోనూ అవే మాటలు, అదే కిజీ ఫొటో కనిపిస్తున్నాయి. ఎర్ర పెన్నుతో గీతలు గీసుకునే మరో పెద్దాయన చేతికి అది వెళ్లకముందే సరిచేయండి. 5 శాతం తగ్గింపు మాకొద్దు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాం. మిగతా 12 మందీ ఇందుకు ఒప్పుకుని సంతకాలు చేశారు. ఆ కాగితం ఈ కవరులోనే ఉంది. నాన్న సంతకం మొదటి వరుసలో ఉంది.

ఇట్లు,
మీ రష్యా నదీయాత్ర బృందంలోని ప్రయాణికురాలు
హైదరాబాద్