నోటిమాటకు నంబరు పడదు

విశాఖపట్నం,
ఆదివారం.

అమ్మడూ,

"డైరెక్టుగా హైకోర్టుకే వెళ్తాను నాన్నా" అని నిన్న ఫోన్ పెట్టేశావు. ఫోన్లో నాకు సగమే వినపడుతుంది, అందుకే ఉత్తరం రాస్తున్నా.

కర్ర ఊతంతో మూడో అంతస్తు ఎక్కలేను, కింది సెక్షన్‌లో సీటివ్వండి అని మీ ఆఫీసరును అడిగావు. అందులో తప్పేముంది? వాళ్లు దయతో ఇచ్చేది కాదది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ చదువు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు చూపాలి. "వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకో" అన్న మీ ఆఫీసరుకు ఇది తెలీదో, తెలిసే అన్నాడో!

కానీ ఆ మాట ఆయన నోటితో అన్నాడు. నువ్వూ నోటితోనే అడిగావు. అదే నా టెన్షన్.

నా చెవి సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పెళ్లికి ముందు ఒక ఫ్యాక్టరీలో చేసేవాణ్ణి. మెషీన్ల మోతకు వినికిడి తగ్గింది. వేరే పనివ్వమంటే "చూద్దాం" అన్నారు, ఏడాది తిరక్కుండా మానిపించేశారు. తర్వాత ప్లీడరు గుమస్తాగా చేరాక, మా ప్లీడరుగారు "ఒక్క కాగితమైనా ఉందిటోయ్?" అని అడిగారు. లేదు.

కాబట్టి ముందు అర్జీ. ఇరవై మూడో సెక్షన్ ప్రకారం మీ ఆఫీసుకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన రిజిస్టర్‌లో ఎక్కించి, రెండు వారాల్లో విచారించాలి. నీ కాపీ మీద తేదీ, స్టాంపు, సంతకం వేయించుకో. వాళ్లు వేయం అంటే పోస్టులో పంపి రసీదు దాచు. తేలకపోతే జిల్లా కమిటీ, రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. కమిషనర్ మనుషుల్ని, రికార్డుల్ని పిలిపించగలరు గానీ చివరికి ఇచ్చేది సిఫార్సే. అదీ పనిచేయకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేద్దాం. ఈ మెట్లు ఎక్కకుండా వెళ్తే "కింద దారి ఉంది కదా" అని అవతలి ప్లీడరు మొదటి వాయిదాకే అడ్డుపడతాడు. అలా వెనక్కొచ్చిన కేసు కట్టలు ఎన్ని మోశానో!

కేజీహెచ్ ఆస్పత్రిలో తీసుకున్న సదరం సర్టిఫికెట్, అదే నీ వైకల్యం ధ్రువపత్రం, ఒరిజినల్ మన బీరువాలోనే ఉంది. రేపు జగదాంబ దగ్గర జిరాక్సులు తీయించి పంపుతా. ఒరిజినల్ ఎవరడిగినా తెచ్చి చూపిద్దాం గానీ ఇవ్వొద్దు.

అర్జీ నువ్వే రాసి నాకు పంపు, తప్పులు చూస్తా. "దయతలచి" అని ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఎర్ర పెన్నుతో కొట్టేస్తా.

నాన్న