మా సాఫ్ట్‌వేర్ వాడే లాడ్జిలకు: నెల చందా ఎందుకు పెంచుతున్నామంటే

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. వచ్చే నెల నుంచి మా లాడ్జి సాఫ్ట్‌వేర్ చందా 1,200 నుంచి 1,600 రూపాయలు అవుతుంది. కొత్త ఫీచర్లేమీ లేవు, స్క్రీన్ మీద మీకు ఏ తేడా కనిపించదు. పెంచిన నాలుగు వందలూ ఒక్క పనికే పోతాయి: మధ్యలో ఏదో ఒకటి చెడిపోయినా మీ కౌంటర్ ఆగకుండా చూడటానికి. కంటికి కనిపించని దానికి డబ్బు అడుగుతున్నాను కాబట్టి ఎక్కడ ఏం పెడుతున్నామో, ఏది మా చేతిలో లేదో దాచకుండా రాస్తున్నాను.

రిసెప్షన్‌లో మీరు గది రాస్తే ఆ ఎంట్రీ మా సర్వర్‌కు చేరేలోపు చాలా మెట్లు దాటాలి. టేబుల్ కింద స్విచ్ (నెట్ కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె), దాని పక్కన రూటర్, గోడకున్న ఫైబర్ బాక్స్, వీధిలో కేబుల్, అవతల మా సర్వర్. ఐదూ ఒక్కొక్కటి 99.9 శాతం సమయం పనిచేస్తాయనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ మిగిలిన 0.1 శాతం అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు. ఐదూ వరసగా ఉన్నాయి, ఏ ఒక్కటి ఆగినా మొత్తం ఆగుతుంది, కాబట్టి ఏడాదికి దాదాపు 44 గంటలు. అదే రెండు పక్కపక్కన పెడితే లెక్క మారిపోతుంది. 99 శాతం మాత్రమే పనిచేసే నెట్ లైను ఒక్కటే ఉంటే ఏడాదిలో మూడున్నర రోజులకు పైగా నెట్ ఉండదు. అలాంటివే రెండు పెట్టుకుంటే, రెండూ ఒకేసారి పోయే సమయం 53 నిమిషాలకు మించదు.

కాగితం మీద లెక్క అది. రెండూ ఒకే కారణంతో పడిపోనంతవరకే అది నిజం. మన తిరుమల కొండ దారులే చూడండి. 2021 డిసెంబర్ 1న ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు పడితే, వాహనాలను లింకు రోడ్డు మీదుగా రెండో దారిలోకి మళ్లించారు. ఆలస్యమైనా జనం పైకి చేరారు. దానికి రెండు వారాల ముందు, నవంబర్ 18 నాటి కుండపోతకు మాత్రం రెండు ఘాట్ రోడ్లూ మూసేయాల్సి వచ్చింది. బండరాయి ఒక దారి మీదే పడుతుంది, వాన రెండింటి మీదా కురుస్తుంది.

ఈ మధ్య మా కుర్రాళ్లు పాత కస్టమర్ల కేబుళ్లన్నీ చూసుకుంటూ వచ్చారు. బస్టాండు వెనక వీధిలో ఒక లాడ్జికి రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్లు ఉన్నాయి. రెండూ ఒకే కరెంటు స్తంభం మీంచి దిగి, ఏసీ పైపు కోసం కొట్టిన ఒకే కన్నంలోంచి లోపలికి వెళ్తున్నాయి. ఓనరుగారు నెలనెలా రెండు బిల్లులు కడుతున్నారు. సరుకు ఎత్తుగా వేసుకుని వచ్చిన ఒక్క లారీ తగిలితే రెండూ తెగుతాయి. అందుకే మేం పెట్టే రెండో దారి ఫైబర్ కాదు, సిమ్. అదీ మీ ఫైబర్ కంపెనీది కాకుండా వేరేవాళ్లది. రెండు లైన్లూ పట్టే రూటర్ మేమే ఇస్తాం, దాని ఖరీదు చందాలోనే కలిసి ఉంది.

సిమ్‌కు కూడా బలహీనత ఉంది. గరుడసేవ రోజు ఊళ్లో జనం ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. టవర్ మీద అంత భారం పడితే ఫోన్లో ఫుల్ సిగ్నల్ చూపిస్తూనే ఏదీ తెరుచుకోదు. బిల్లింగ్‌కు కావాల్సిన డేటా చాలా కొంచెం, అంత రద్దీలోనూ ఎలాగో దూరిపోతుంది. అందుకని రూటర్ సిమ్ మీదికి మారగానే సీసీ కెమెరాలు క్లౌడ్‌కు వీడియో పంపడం ఆపేస్తాం, గెస్టుల వైఫై కూడా ఆపేస్తాం. ఆ సమయంలో గెస్టులు కౌంటర్ దగ్గరికొచ్చి అరుస్తారు. అరవనివ్వండి. గది తాళం ఇవ్వడం ముఖ్యమా, వాళ్ల రీల్స్ ముఖ్యమా అన్నది తేల్చుకోవాల్సి వస్తే నేను తాళం వైపే.

మాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇది: "అన్నా, బాక్సులో పచ్చ లైటు వెలుగుతానే ఉంది, బిల్లు మాత్రం పడలా." ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగితే కేబుల్ తెగిందని అందరికీ తెలుసు. కానీ కేబుల్ బాగానే ఉండి, అవతల కంపెనీ నెట్‌వర్క్‌లో ఎక్కడో ఇబ్బంది వస్తే లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి. చవక రూటర్లు ఆ లైటునే నమ్ముకుని కూర్చుంటాయి, రెండో లైను పక్కనే ఉన్నా మారవు. ఇప్పుడు పెట్టేవి కొన్ని సెకన్లకోసారి బయట ఉన్న రెండు మూడు చోట్లకు పలకరింపు పంపి, జవాబు రాకపోతే సిమ్‌కు మారతాయి. ఫైబర్ తిరిగి రాగానే వెంటనే వెనక్కి పోవు. వరసగా ఐదు నిమిషాలు నిలకడగా ఉందని తేలాకే మారతాయి. లేకపోతే వస్తూ పోతూ ఉండే లైనుతో అటూ ఇటూ ఊగి, ఉన్న బిల్లు కూడా పడదు.

కరెంటు గురించి ఒక మాట. ఇన్వర్టర్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు, లైటు ఒక్కసారి మినుకుమంటుంది, అంతే. రూటర్ మాత్రం ఆఫ్ అయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వెనక్కి వెళ్లి మీ ఇన్వర్టర్ చూడండి, చాలావాటికి యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది వేస్తే ఆ ఖాళీ బాగా తగ్గుతుంది. ఇంకా మంచిది, రూటర్‌కూ ఫైబర్ బాక్సుకూ 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోవడం. ఇది మా దగ్గరే కొనాలని లేదు, ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది.

రెండోది ఉండటమే మంచిదనుకుని ఎవరూ సొంతంగా కేబుళ్లు కలపకండి. ఖాళీగా వేలాడుతున్న వైరు చూసి రూమ్‌బాయ్ దాని రెండో కొసను కూడా అదే స్విచ్‌లో గుచ్చితే, డేటా ఆ చక్రంలోనే తిరిగి తిరిగి కాసేపట్లో లాడ్జి నెట్‌వర్క్ అంతా మొరాయిస్తుంది. అదనపు దారి ఉన్నా ఈ చక్రం పడకుండా చూసే పద్ధతిని 1985లోనే రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు కనిపెట్టారు. చవక స్విచ్‌లలో అది సాధారణంగా ఉండదు. 40 గదులు దాటిన లాడ్జిలకు అది ఉన్న స్విచ్‌లు పెడుతున్నాం.

ఇక నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన విషయం. రెండు లైన్లూ పోయాయనుకోండి. రాత్రి రెండు గంటలకు రేణిగుంట స్టేషన్‌లో దిగి, పిల్లలతో, బ్యాగులతో పదిమంది మీ కౌంటర్ ముందు నిలబడ్డారు. మీ కంప్యూటర్‌కు మా సర్వర్ కనపడదు. అప్పుడు 204 గది ఇవ్వాలా, వద్దా? ఇస్తే, అదే సమయంలో ఆన్‌లైన్‌లో ఎవరో చెన్నైలో కూర్చుని ఆ 204నే బుక్ చేసుకోవచ్చు. వద్దంటే, ఖాళీ గది పెట్టుకుని గిరాకీని వెనక్కి పంపినట్టు. లింకు తెగినప్పుడు రెండు చోట్లా లెక్క ఒకేలా ఉండటం, రెండు చోట్లా పని ఆగకుండా సాగడం కలిసి దొరకవు. ఎరిక్ బ్రూవర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో ఈ మాట అన్నారు, 2002లో దానికి గణిత నిరూపణ కూడా వచ్చింది. ఎంత డబ్బు పోసినా తప్పించుకోలేం, ఎవరిని ఆపాలో ముందే తేల్చుకోవాలి.

మేం కౌంటర్‌ను ఎంచుకున్నాం. మీ కంప్యూటర్ నుంచి రెండు నిమిషాలు కబురు లేకపోతే సర్వర్ మీ లాడ్జి ఆన్‌లైన్ బుకింగ్ మూసేస్తుంది. ఆ రెండు నిమిషాలూ గడిచేదాకా మీ కంప్యూటర్ కూడా కొత్త గది ఇవ్వదు. తర్వాత అప్పటికున్న బుకింగ్‌లు వదిలి మిగతా గదులు తనంతట తాను ఇస్తుంది, బిల్లు కొడుతుంది, నెట్ వచ్చాక అన్నీ పంపుతుంది. ఆ కాసేపు ఆన్‌లైన్ బేరాలు కొన్ని పోతాయి. ఇద్దరికి ఒకే గది రాసి అర్ధరాత్రి గొడవ పడటం కన్నా అది నయం. మీలో ఎవరికైనా ఇది సరిపడకపోతే చెప్పండి, లాడ్జి లాడ్జికీ మార్చుకునే వీలు పెట్టాం.

సర్వర్లు ఇన్నాళ్లూ ముంబైలోనే ఉన్నాయి. అక్కడే వేర్వేరు భవనాల్లో రెండు కాపీలు, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకుంటుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో మూడో కాపీ పెట్టాం. ముంబై మొత్తం పోయినా అక్కడి నుంచి నడుస్తుంది, కానీ దానికి రెండు షరతులు. హైదరాబాద్ కాపీ కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది, కాబట్టి ఆఖరి ఎంట్రీలు ఒకటి రెండు పోవచ్చు. పైగా ఆ మార్పు మిషన్ చేయదు, మా మనిషే లేచి చేస్తాడు, అరగంట పడుతుంది. మిషన్‌కు వదిలేస్తే మధ్యలో లింకు తెగిన మాత్రాన రెండూ తామే అసలు సర్వర్ అనుకునే ప్రమాదం ఉంది. ఇవి కాక రాత్రి బ్యాకప్ విడిగా ఉంటుంది. కాపీ ఎన్ని చోట్ల ఉన్నా, ఎవరో పొరపాటున డిలీట్ కొడితే అన్ని చోట్లా డిలీట్ అవుతుంది మరి.

సపోర్ట్ నంబరు మామూలు ఫోను లైనుగానే ఉంచుతున్నాం, వాట్సాప్ గ్రూపుకు మార్చమని ఎంతమంది అడిగినా. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు పోయాయి. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌నే పడగొట్టింది, సరిచేయాల్సిన ఇంజినీర్లు వాడే టూల్స్ కూడా దానితోపాటే పోయాయి. అంత పెద్దవాళ్లకే ఆ గతి పట్టింది. మా సర్వర్ పోయిందని చెప్పే ఫోను మా సర్వర్ మీద నడవకూడదు.

ఇన్ని పెట్టినా మా వైపు 99.9 శాతానికే మాటిస్తున్నాం. నెలలో 43 నిమిషాలు దాటి మా సర్వర్ ఆగితే ఆ నెల చందాలో సగం వెనక్కి ఇస్తాం. 99.99 అని రాసేవాళ్లు ఉన్నారు. అంటే నెలకు నాలుగున్నర నిమిషాలు కూడా కాదు, అందులో మనిషి నిద్ర లేచి ల్యాప్‌టాప్ తెరవడానికే సరిపోతుంది. ఆ మాట 1,600 రూపాయలకు నేను ఇవ్వలేను.

ప్రతి నెలా మొదటి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మీ ఫైబర్‌ను మేమే రూటర్ నుంచి పది నిమిషాలు ఆపేస్తాం. సిమ్‌కు మారుతోందో లేదో ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది. మారకపోతే అదే సాయంత్రం మనిషిని పంపుతాం. వైకుంఠ ద్వారాలు తెరిచి ఉండే పది రోజుల్లోనూ, బ్రహ్మోత్సవాల్లోనూ ఈ పరీక్ష ఉండదు, సాఫ్ట్‌వేర్‌లో కూడా ఏ మార్పూ చేయం.

రెండో లైను వద్దు, పాత ధరే చాలనేవాళ్లు ఈ నెలాఖరులోపు ఫోను చేసి చెప్పండి, 1,200కే కొనసాగిస్తాం. నెట్ లేకుండా గది రాసే ఏర్పాటు వాళ్లకూ వస్తుంది. రూటర్, సిమ్, నెలనెలా పరీక్ష మాత్రం ఉండవు.