వీధులు కలపకుండా ఫ్లైఓవర్లు ఎందుకు?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ శివారు ట్రాఫిక్ మీద పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. రోడ్డు వెడల్పు చేసి, ఇంకో ఫ్లైఓవర్ వేస్తే సరిపోతుందని అధికారులు అన్నారు. నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఉండేవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు. మా దగ్గర రోడ్లు వెడల్పుగానే ఉన్నాయి. ఒక వీధి ఇంకో వీధితో కలవదు, అదీ బాధ.

హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, బర్కత్‌పురాల్లో ఒక సందు తవ్వితే పక్క సందులోంచి వెళ్లిపోవచ్చు. 1591లో చార్మినార్ దగ్గర నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు వదిలి మరీ ఈ ఊరు మొదలుపెట్టారు. ఇప్పుడు ముప్పై ఎకరాల్లో ఒక వెంచర్, చుట్టూ ఎత్తయిన ప్రహరీ, ఒకటే గేటు. దాన్ని ఆనుకుని ఇంకో ప్రహరీ. కూరగాయలకు వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కి యూటర్న్ తీసుకోవాల్సిందే. మా వెనక గోడకు అవతలే స్కూలు ఉంది, బెల్లు మా బాల్కనీలోకి వినిపిస్తుంది. అయినా పిల్లలు నడిచి వెళ్లే దారి లేక బస్సు ఫీజు కడుతున్నాం. అందరినీ ఒకే రోడ్డు మీదికి తోలితే అది ఎంత వెడల్పుంటే ఏం లాభం? ఆ జామ్‌లో ఇరుక్కున్న అంబులెన్సు మోత వింటే, లోపల ఉన్నవాళ్ల గతేమిటని టెన్షన్ పుడుతుంది.

లేఅవుట్ రోడ్లను గిఫ్ట్ డీడ్ (ఉచితంగా ఇచ్చేస్తున్నట్టు దస్తావేజు) రాసి స్థానిక సంస్థకు అప్పగించాలని నిబంధన ఉంది. అలా ప్రజలదైన రోడ్డుకు గేటు పెట్టి, బయటివాళ్లు రాకూడదని బోర్డు తగిలించే హక్కు ఎవరిచ్చారు? 2020లో, అనుమతి లేని లేఅవుట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌కు రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే, అనుమతి లేని ప్లాట్లు ఎన్ని అమ్ముడుపోయాయో ఆలోచించండి. అమ్ముతున్నప్పుడు ఈ శాఖలన్నీ ఎక్కడున్నాయి? ఫీజు కట్టించుకోవడం మీద ఉన్న శ్రద్ధ, ఆ ప్లాట్ల మధ్య రోడ్డు, పక్క కాలనీకి కలుస్తుందా లేదా అన్నదాని మీద ఉండదు. డ్రైనేజీ సంగతీ ఇంతే, మంచినీళ్ల సంగతీ ఇంతే.

కొన్నేళ్లుగా నగరంలో లింకు రోడ్లు వేస్తున్నారు, వేసిన చోట నిజంగానే మేలు జరిగింది. కానీ ఇళ్లు లేచాక ఒక్కో లింకుకు భూసేకరణ, పరిహారం, కోర్టు కేసులు. లేఅవుట్‌కు అనుమతిచ్చే రోజైతే ప్లానులో ఒక గీత గీస్తే అయిపోయేది.

ఊరు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును కూడా దాటిపోతోంది. శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు పొలాలు వెంచర్లవుతున్నాయి. అధికారులారా, అక్కడైనా ప్రతి లేఅవుట్ రోడ్డూ, పక్క భూమి సరిహద్దు దాకా వెళ్లాలని, ఒకటికి మించి దారులుండాలని షరతు పెట్టండి. ఇప్పటికే మూసేసిన చోట నడిచేవాళ్లకు, సైకిళ్లకైనా గోడలో దారి తీయించండి. ఏ రోడ్డు ఎక్కడ కలుస్తుందో చూపే మ్యాపును ప్రతి వార్డు ఆఫీసులో పెట్టండి. ప్లాటు కొనేవాళ్లు డబ్బు కట్టకముందే చూసుకుంటారు.

– ఒక పాఠకురాలు, నల్లగండ్ల, హైదరాబాద్