మంత్రి గారూ, ఆ మూడు పేపర్లు పిల్లలనే ఎంచుకోనివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా బోటనీ చెబుతున్నాను. ఈ ఉత్తరం జీతాల గురించి కాదు, బదిలీల గురించీ కాదు. డిగ్రీ సిలబస్‌లో ఒక మూల ఉన్న, పిల్లలు తమది కాని సబ్జెక్టును రుచి చూసే మూడు చిన్న మల్టీడిసిప్లినరీ పేపర్ల గురించి.

సింగిల్ మేజర్, అంటే డిగ్రీలో ఒక్కటే ప్రధాన సబ్జెక్టు అన్న పద్ధతి, వచ్చాక చేరిన ఒక బీకాం అబ్బాయి, వానాకాలంలో ఒకరోజు మా ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో పాత న్యూస్‌పేపర్‌లో చుట్టిన వేరుశనగ ఆకులు, వాటి నిండా నల్లటి మచ్చలు. "మేడమ్, మా చేన్లో అంతా ఇట్లే అయింది. ఇదేందో చూస్తారా?" అన్నాడు. తిక్క తెగులని చూడగానే తెలుస్తోంది. పేరు చెప్పి పంపేయబుద్ధి కాలేదు. మచ్చ మీద కాస్త గీకి, స్లైడ్ తయారుచేసి, మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను. సన్నగా, పొడుగ్గా, మధ్యమధ్య అడ్డగీతలతో ఆ బూజు బీజాలు కనిపించేసరికి పది నిమిషాలు తల ఎత్తలేదు. "మా నాయన్ను ఏడిపిస్తున్నది ఇంత చిన్నవా మేడమ్!" అన్నాడు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. ఒకసారి కలుపు మొక్క, ఒకసారి పుచ్చిన కాయ, ఒకసారి ఊరికే.

ఇంటర్‌లో సీఈసీ ఎందుకు తీసుకున్నావని అడిగాను. బైపీసీ అంటే నీట్ కోచింగ్ కూడా ఉండాలని, అంత డబ్బు తమ దగ్గర లేదని ఇంట్లో అన్నారట. మన దగ్గర పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన కొద్ది రోజులకే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని పిల్లల్ని విడదీసేస్తాం. అప్పటికి వాళ్లకు పదిహేను, పదహారేళ్లు. ఆ గ్రూపుతోనే డిగ్రీకి వస్తారు. 2023-24 నుంచి సింగిల్ మేజర్ వచ్చాక, చేరేటప్పుడే ఒక్క సబ్జెక్టు పేరు చెప్పాల్సి వచ్చింది. ఒక సబ్జెక్టును లోతుగా చదవడం తప్పని నేను అనను. మూడు సబ్జెక్టులు పైపైన చదివి దేనిమీదా పట్టులేకుండా బయటికెళ్లిన బ్యాచ్‌లనూ చూశాను. కానీ ఒక్కటే చదవాలంటే, అది తనకు నచ్చినదో కాదో తెలుసుకునే అవకాశం ముందు ఉండాలి కదా.

ఆ అవకాశం కాగితం మీద ఉంది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు 60, దానికి తోడుగా చదివే మైనర్ సబ్జెక్టుకు 24. మల్టీడిసిప్లినరీ పేరుతో మూడు పేపర్లు, మొత్తం 9 క్రెడిట్లు. వీటికి ఒక నియమం పెట్టారు: ఇంటర్‌లో చదివిన సబ్జెక్టును మళ్లీ తీసుకోకూడదు. ఆ ఒక్క వాక్యం రాసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది. కామర్స్ పిల్లవాడు మొక్కల గురించి, మ్యాథ్స్ అమ్మాయి చరిత్ర గురించి కొన్నాళ్లు కూర్చుని వినడానికి ఆ ఫ్రేమ్‌వర్కే దారి ఇచ్చింది.

నేను చూసిన చోట జరిగింది వేరు. ఏ సెక్షన్‌కు ఏ పేపరో టైమ్‌టేబుల్ వేసేటప్పుడే తేలిపోయింది. ఏ లెక్చరర్‌కు పీరియడ్లు తక్కువగా ఉంటే ఆ సబ్జెక్టు. అరవై మందికీ అదే. ఆప్షన్ ఫారం పిల్లల చేతికి వచ్చేసరికి టిక్కు పెట్టేసి ఉంది, సంతకమే మిగిలింది. ఆ బీకాం అబ్బాయికి వచ్చిన పేపరుకూ మొక్కలకూ ఏ సంబంధమూ లేదు. బోటనీ ఉందేమో అడగాలని కూడా అతనికి తెలియదు.

ఇందులో నా తోటి లెక్చరర్లను తప్పుపట్టడం నాకిష్టం లేదు. వర్క్‌లోడ్ లేకపోతే పోస్టు ఉండదన్న భయం మాకందరికీ ఉంది. తెలుగు, చరిత్ర, బోటనీ చెప్పేవాళ్లకు ఇంకా ఎక్కువ. పిల్లలు స్వేచ్ఛగా ఎంచుకుంటే ఈ ఏడాది ఒక సబ్జెక్టుకు ఎనభై మంది, మరో దానికి ఎనిమిది మంది వస్తారు. ఆ ఎనిమిది మందికి చెప్పే లెక్చరర్ టెన్షన్ పడకుండా ఉండాలంటే భరోసా ఇవ్వాల్సింది ప్రభుత్వమే. ఈ పేపర్లకు వచ్చిన పిల్లల సంఖ్య చూసి పోస్టులు తగ్గించబోమని ఒక జీవో ఇవ్వండి. పిల్లల చేతికి ఖాళీ ఫారం ఇవ్వడానికి అప్పుడు ఎవరూ భయపడరు.

మన యూనివర్సిటీకి ఈ ఆలోచన కొత్త కాదు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే తర్వాత 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షులయ్యారు. డిగ్రీ పిల్లలకు తమ సబ్జెక్టుతో పాటు జనరల్ ఎడ్యుకేషన్ ఉండాలని 1949 నాటి ఆ నివేదిక గట్టిగా చెప్పింది.

అదే యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసిన సి.ఆర్.రావు గారు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ అనుకోకుండా పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడని తెలిసి, చూడ్డానికి వెళ్లి, 1941లో తానూ చేరారు. ప్రపంచం మెచ్చిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త అలా తయారయ్యారు. 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆ రంగంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేస్తుంది. ఆ రోజు ఆ మనిషి కలవకపోయి ఉంటే? మా పిల్లలకు కలకత్తా ప్రయాణాలు లేవు. వాళ్లకున్నవి ఆ మూడు పేపర్లే.

అందుకే అడుగుతున్నాను. ఆ పేపర్లకు అన్ని సెక్షన్లకూ ఒకే పీరియడ్ కేటాయించమనండి. కామన్ అవర్ లేకుండా ఎంపిక అన్న మాటకు అర్థం లేదు, ఎందుకంటే బీకాం పిల్లవాడికి అకౌంట్స్ క్లాసు ఉన్నప్పుడే మా క్లాసు నడుస్తుంది. చిన్న కాలేజీలో లెక్చరర్ లేకపోతే పక్క మండలంలోని కాలేజీ నుంచి వారానికి ఒకరోజు పంపండి. మార్కులు సీజీపీఏలో, అంటే డిగ్రీ మొత్తం గ్రేడు సగటులో, కలపకుండా పాస్ అయితే చాలనండి. మార్కులు తగ్గుతాయన్న భయంతో సులువైన పేపరు వెతుక్కునే పిల్లలే ఎక్కువ, వాళ్లను తప్పుపట్టలేం. మొదటి ఏడాది తర్వాత అదే విభాగంలో మేజర్ మార్చుకోవచ్చని యూజీసీ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. ఆ సంగతి మా పిల్లల్లో చాలామందికి తెలియదు. నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టించండి. కామర్స్ నుంచి సైన్స్‌కు రావాలనుకునే ఆ బీకాం అబ్బాయి లాంటివాళ్లకు అదీ పనికిరాదు. వాళ్ల గురించి కూడా ఆలోచించండి.

అతని డిగ్రీ అయిపోయింది. మండల కేంద్రంలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. రైతులు తెచ్చిన ఆకుల ఫోటోలు నాకు వాట్సాప్‌లో పెడుతుంటాడు. చాలాసార్లు తెగులు పేరు కూడా తనే రాస్తాడు, సరేనా మేడమ్ అని అడుగుతాడు. ఎక్కువగా సరైనదే రాస్తాడు.

వచ్చే అడ్మిషన్లప్పుడు ఏదో ఒక కాలేజీకి ముందు చెప్పకుండా రండి. మీ ఆప్షన్ ఫారం ఎవరు నింపారని పిల్లల్ని అడగండి.

ఇట్లు,
ఒక బోటనీ అధ్యాపకురాలు