పాఠం పెట్టేసే ముందు ఒక మాట

భిన్నాల పాఠం డ్రాఫ్ట్ అయిపోయింది, ఇక క్లాసులో పెట్టేద్దాం అంటున్నారు, కాస్త ఆగండి. ముందు ఫార్మేటివ్ ఇవాల్యుయేషన్ ప్లాన్ రాసుకుందాం. పేరు పెద్దదే గానీ (1967లో మూల్యాంకన నిపుణుడు మైకేల్ స్క్రివెన్ పెట్టిన పేరు) పాఠాన్ని ఇంకా మార్చే వీలున్నప్పుడే పరీక్షించుకోవడం, అంతే.

మొదట పిల్లలు ఒక్కొక్కరితో విడిగా కూర్చుందాం. ముగ్గురు చాలు, చురుగ్గా నేర్చుకునేవాళ్లు ఒకరు, మామూలుగా ఒకరు, వెనకబడ్డవాళ్లు ఒకరు. పక్కన కూర్చున్న మనం మాత్రం వివరించకూడదు. పోయినసారి నేను ఆగలేక "అంటే ఇదన్నమాట" అని చెప్పేశాను, పిల్లాడు తలూపాడు, పాఠంలో లోపం అక్కడే దాగిపోయింది. ఎక్కడ ఆగారు, ఏ వాక్యం రెండుసార్లు చదివారు, అది రాసుకోండి. 3/4 కన్నా 3/8 పెద్దదని ఎవరైనా అంటే వెంటనే తప్పనకుండా ఎందుకలా అనుకున్నారో అడగండి. 4 కన్నా 8 పెద్దది కదా అంటే పాఠంలో మనం పెట్టిన బొమ్మ పనిచేయలేదన్నమాట.

సవరించాక 8 నుంచి 20 మందితో చిన్న గ్రూపు, ముందొక టెస్టు, తర్వాతొక టెస్టు. అసలు క్లాసులో ట్రయల్ ఆ తర్వాతే. టెస్టులో ప్రతి ప్రశ్న పక్కన అది పాఠంలో ఏ లక్ష్యానిదో రాయండి, లేకపోతే మార్కులు చూసి ఏం మార్చాలో తెలియదు. పిల్లల అభిప్రాయాలు అడిగే ఫారంలో "పాఠం బాగుందా?" అన్నది తీసేయండి బాబూ, అందరూ బాగుందనే రాస్తారు.

ఆ ముగ్గురు ఎవరో రేపటిలోగా చెప్పండి.