ఆదివారం మాత్రమే చచ్చిపోయే బ్యాటరీ

విశాఖపట్నం,
డిసెంబరు 7, ఆదివారం రాత్రి.

చిరంజీవి చిన్నాను దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలు ఫరవాలేదు, మెట్లు ఎక్కేటప్పుడే కాస్త. పెద్దక్క వాళ్ళు కార్తీకంలో వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళారు. మేడమీద నీ గదిలో ట్యూబ్‌లైట్ మార్చాను, పాతది ఊరికే మిణుకుమిణుకుమంటోంది.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు. ఎటూ పార్సిల్ పంపుతున్నాం కదా అని రాస్తున్నా. సాయంత్రం ఏడింటికి వాట్సాప్‌లోనూ పెట్టాను గానీ ఒక్క టిక్కే పడింది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ అని ఆ అమ్మాయి మూడు భాషల్లో చెప్పింది. రేపు అడిగితే "ఛార్జింగ్ అయిపోయింది నాన్నా" అంటావు. సరే. నేనేమీ అడగడం లేదు. బ్యాటరీ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామని, అంతే.

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్యాటరీ రూము నువ్వు చిన్నప్పుడు చూశావు. రెండేసి వోల్టుల సెల్స్ ఇరవై నాలుగు వరసగా ఉండేవి. పొద్దున్నే హైడ్రోమీటరు పెట్టి యాసిడ్ చూడటం, డిస్టిల్డ్ వాటర్ పోయడం, లాగ్‌బుక్కులో రాయడం. నా ఖాకీ ప్యాంట్లన్నీ జల్లెడలైపోయాయని అమ్మ పోట్లాడేది. ఊరంతా కరెంటు పోయినా ఇళ్ళలో ఫోన్లు మోగేవంటే ఆ నలభై ఎనిమిది వోల్టులు తీగ వెంబడి ఇంటిదాకా వెళ్ళేవి కాబట్టి. ఫోన్ ఉన్నవాళ్ళకి ఛార్జింగ్ అనే మాటే తెలియదు, ఆ బెంగ మాది. ఇప్పుడు ఎవరి బ్యాటరీ రూము వాళ్ళ జేబులోనే ఉంది. లాగ్‌బుక్కు రాసేవాడే లేడు.

పోయిన నెల నాకేమైందో చెప్పనేలేదు కదా. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు బ్యాంకుకి వెళ్ళక్కర్లేదు, ఫోన్‌లోనే మొహం చూపిస్తే చాలు. కళ్ళజోడు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, కళ్ళు ఆర్పమంటే ఆర్పుతున్నా. సరిగ్గా అప్పుడే ఫోన్ టప్పున ఆరిపోయింది. పన్నెండు శాతం చూపిస్తూ ఆరిపోయింది చూడు! ముసలి బ్యాటరీలు అంతే, అంకె ఒకటి చెబుతాయి, లోపల ఉన్నది ఇంకొకటి. నేను బతికే ఉన్నానని గవర్నమెంటుకి చెప్పుకోవాలంటే ముందు నా ఫోన్ బతికుండాలట. సూరిబాబు మామయ్య ఇంటికెళ్ళి, ఆయన ఫోన్‌లో మళ్ళీ కళ్ళు ఆర్పి వచ్చాను.

మామయ్య ఫోన్ సంగతి వేరే. సందులో ఎక్కడో చవకగా వస్తుందని బ్యాటరీ వేయించాడు. రెండు నెలలకి వెనక మూత పూరీలా పొంగింది. పిన్నీసుతో పొడిచి గాలి తీద్దామనుకున్నాడట. సమయానికి నేను చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మంట లేచేది. నీది పొంగిందా, ఒకసారి కవరు తీసి చూసుకో. బ్యాటరీ పాతదైతే కంపెనీ సర్వీస్ సెంటర్లోనే మార్పించు, కొత్త ఫోన్ కొనేదానికంటే నయం. డబ్బులు నేను వేస్తాను. వద్దని అనకు.

నువ్వు పొద్దున లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా మెట్రో టికెట్టు, ఆటోవాడికి డబ్బులు, టిఫిన్ సెంటర్లో స్కానింగు, బ్యాంకు ఓటీపీ, అన్నీ ఆ డబ్బాలోనే. అది ఆగితే జేబులో రూపాయి లేనివాడివే కదా. పర్సులో ఒక అయిదొందల నోటు మడిచి పెట్టుకో. ఒక చీటీ మీద అమ్మ నంబరు, నా నంబరు, పెద్దక్క నంబరు రాసి పెట్టుకో. అమ్మ నంబరు నీకు నోటికి వచ్చా? నిజం చెప్పు.

ఇంకోటి. సున్నా దాకా పోనివ్వకు. లిథియం బ్యాటరీకి అది చేటు. ఇరవై దగ్గర ఎర్రగా చూపించగానే పెట్టేయి, ఎనభై దాటితే తీసేసినా నష్టం లేదు. రాత్రంతా దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయకు, బ్యాటరీకి వయసు కంటే వేడి వల్లే ఎక్కువ చేటు. బైకు హ్యాండిల్‌కి తగిలించి ఎండలో మ్యాపులు చూసుకుంటూ వెళ్ళడం కూడా అంతే. అయిదొందల సార్లు పూర్తిగా ఖాళీ అయి నిండేసరికి నూటికి ఎనభయ్యే నిలుస్తుందని పాత ఫోన్ల గురించి కంపెనీలే చెప్పేవి. ఇప్పటివి ఎనిమిది వందలు, వెయ్యి సార్లు తట్టుకుంటాయంటున్నారు. నీ ఫోన్ కొని ఏడాదిన్నర. అయిదు వేల ఎంఏహెచ్. ఎంత వాడినా రాత్రి పడుకునేదాకా రావాలి.

అదే నాకు అర్థం కావడం లేదు చిన్నా. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో రకరకాల బ్యాటరీలు చూశాను. ఉబ్బినవి, కారినవి, ప్లేట్లు వంగిపోయినవి. ఆదివారం సాయంత్రం ఏడింటికి మాత్రమే చచ్చిపోయే బ్యాటరీని మాత్రం చూడలేదు. వరసగా ఇది నాలుగో ఆదివారం. పైగా పోయిన వారం తెల్లవారుజామున మూడింటికి రెండు టిక్కులు పడ్డాయి. మూడింటికి ఎందుకు లేచావు? నిద్ర పట్టడం లేదా? పెరుగన్నం తింటున్నావా రాత్రిళ్ళు?

పోనీలే, ఆ మాట వదిలేయ్.

హుద్‌హుద్ నాటి సంగతి నీకు సగమే తెలుసు. 2014 అక్టోబరు 12. అదీ ఆదివారమే. నువ్వు కాకినాడలో థర్డ్ ఇయర్. నేను ముందురోజు రాత్రే డ్యూటీకి వెళ్ళిపోయాను, ఇంట్లో అమ్మ, నానమ్మ. మధ్యాహ్నానికి తుఫాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. ఎక్స్ఛేంజి కిటికీలోంచి చూస్తుంటే ఎదురుగా ఉన్న నిద్రగన్నేరు చెట్టు గడ్డి పరకలా మెలి తిరిగి పడింది. మన ఇంటికి వచ్చే తీగ కూడా ఏ కొమ్మ కిందో తెగింది. సెల్ టవర్లు చాలావరకు పోయాయి. అమ్మ దగ్గర నువ్వు పట్టుబట్టి కొనిపించిన టచ్ ఫోన్ ఉంది. ఛార్జింగ్ దాచుకుందామని పొద్దునో అయిదు నిమిషాలు, సాయంత్రమో అయిదు నిమిషాలు ఆన్ చేసేదట. టవరు అందకపోతే ఫోన్ ఊరుకోదు, గొంతు చించుకుని వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే ఉన్నది కాస్తా ఖర్చయిపోతుంది. సోమవారం సాయంత్రానికి అది పోయింది. నా టార్చి ఫోన్ మాత్రం నాలుగు రోజులు నిలబడింది. నిలబడి ఏం లాభం, అవతల ఎత్తే ఫోన్ ఉండాలిగా.

మా దగ్గర జనరేటరు నడుస్తోంది. డీజిలు పీపాలో ఎంతుందో గంటగంటకీ కర్ర పెట్టి చూస్తున్నాం. గేటు దగ్గర ఎవరో ఒకతను బతిమాలితే ఒక ప్లగ్గుల బోర్డు లాగి ఇచ్చాను. అంతే, గంటలో బెంచీ నిండిపోయింది. నలభై ఫోన్లకి తక్కువ ఉండవు. మారిపోకుండా ఒక్కోదానికి పేరు రాసి దారంతో కట్టాం. ఒక చీటీ ఇప్పటికీ గుర్తుంది, "అప్పలనర్సమ్మ, కొడుకు దుబాయ్" అని. ఆవిడ పొద్దున్నుంచి ఆ ఫోన్ పక్కనే గోడకానుకుని కూర్చుంది, మంచినీళ్ళకి కూడా లేవలేదు. ఎవరి ఫోన్ ఎంత ఎక్కిందో చూసి చెప్పడమే నా డ్యూటీ అయిపోయింది. ఇంటి దగ్గర ఎలా ఉన్నారో చూసి రమ్మని మా ఇంజనీరు గారు అన్నారు కూడా. వెళ్ళలేదు. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

మంగళవారం మధ్యాహ్నం తలెత్తి చూస్తే గేటు దగ్గర అమ్మ. గోపాలపట్నం నుంచి పడిపోయిన చెట్లు దాటుకుంటూ, చీర కుచ్చిళ్ళు బురదలో, గంటన్నర నడిచి వచ్చింది. ఫోన్ పాలపాకెట్టు కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకుంది. నన్ను ఎలా ఉన్నారని అడగలేదు. "దీనికి పెట్టండి ముందు" అంది. నాలుగు శాతం ఎక్కగానే తనే ఆన్ చేసింది. ఆన్ చేసిన నిమిషానికి మోగింది. నువ్వే. ఎన్నిసార్లు చేశావో లెక్క లేదన్నావు. ఏడ్చావు కూడా, కాదనకు, ఫోన్ నేనూ విన్నాను. అప్పుడు నువ్వు అమ్మతో అన్నది నేను అక్షరం మరవలేదు: "ఛార్జింగ్ లేకపోతే ఎవరినైనా అడిగి ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

ఆ రోజు నుంచి అమ్మ ఫోన్ ఆఫ్ చేయలేదు. గుళ్ళో కూడా సౌండు తగ్గిస్తుంది గానీ ఆపదు. రాత్రి దిండు పక్కన పెట్టుకుంటుంది. వేడెక్కుతుందే అంటే వినదు.

ఈమధ్య రాజుగారి అల్లుడు వచ్చాడు, మీ బిల్డింగులోనేగా అతని ఆఫీసు. మాటల్లో మీ అంతస్తులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయని అన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. ఖాళీ అయితే మాత్రం నీకేమిటి, వేరే అంతస్తుకి మార్చి ఉంటారు. నేనేమీ అనుకోలేదు.

నా సంగతే చెబుతా. 2019లో నవంబరులో వీఆర్ఎస్, అదే గడువుకి ముందే రిటైరవుతానని, పెట్టాను కదా. పెట్టిన పదకొండు రోజులు అమ్మకి చెప్పలేదు. ఆ ముందు నెలలోనే ఈ లిథియం బ్యాటరీకి ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, అందులో గుడినఫ్ అనే ఆయనకి తొంభై ఏడేళ్ళు, ఇంకా పనిచేస్తున్నాడని పేపర్లో వేశారు. నాకు యాభై ఏడు. ఆ పేపరు ముక్క చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను, ఎందుకో తెలియదు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బాత్రూంలోకి వెళ్ళి మాట్లాడేవాణ్ణి. అమ్మ ఇంకేదో అనుకుంది, పెద్దక్కకి ఫోన్ చేసి ఏడ్చింది కూడా. చివరికి చెబితే, "దీనికేనా, నేనింకా ఎవరో ఉన్నారనుకున్నా" అని అన్నం వడ్డించింది. ఆ పూట రెండుసార్లు పెరుగు పోయించుకున్నాను.

పార్సిల్లో మాడుగుల హల్వా ఉంది, అమ్మ చేసిన సున్నుండలు ఉన్నాయి, ఆవకాయ చిన్న సీసా. పవర్ బ్యాంకు కూడా పెట్టాను. కొరియర్ వాళ్ళు బ్యాటరీ అంటే తీసుకోం అన్నారు, అందుకే బస్సు కార్గోలో వేస్తున్నా. పదివేల ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది గానీ ఫోన్‌కి చేరేది ఆరు వేల చిల్లరే, వోల్టు మార్చడంలో మిగతాది పోతుంది, మోసం అనుకోకు. సంక్రాంతికి గోదావరిలో వస్తే రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా రైల్లో ప్లగ్గులకి కరెంటు ఉండదు, అప్పుడు పనికొస్తుంది. టికెట్టు తీశావా? తీయకపోతే నేను చూస్తా, వెయిటింగైనా ఫరవాలేదు. పండక్కి ముందే వచ్చేయాలనిపిస్తే ముందే వచ్చేయ్, నీ గది ఖాళీగానే ఉంది. లైటు కూడా మార్చాను.

ఇకమీద ఆదివారం ఏడింటికి మేం చేయంలే. బుధవారం అమ్మ సింహాచలం వెళ్తుంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటా. ల్యాండ్‌లైనుకి చెయ్యి. ఫైబర్ పెట్టించుకోమని అందరూ అంటున్నారు గానీ నేను పాత రాగి తీగే ఉంచుకున్నాను. ఫైబరైతే ఇంట్లో కరెంటు పోగానే మోడెం పోతుంది. దీనికి ఆ గొడవ లేదు. నంబరు మారలేదు.

ఆవకాయ సీసా మూత గట్టిగా తిప్పాను, నూనె కారితే సున్నుండలు ముందు తీసేయ్.

ఆశీస్సులతో,
నాన్న